ఆగి ఉన్నప్పుడు వణికే బండి

మా అల్లుడి బండి పరుగెడుతున్నంతసేపూ ఏ జబ్బూ లేదు. ఆగితేనే వణుకు. సిగ్నల్ దగ్గర, కంపెనీ గేటు దగ్గర, సూరత్‌లో మా అమ్రోలి గల్లీలో ఇంటి ముందు, ఇంజన్ తిరుగుతూ బండి నిలబడిన ప్రతి చోటా చలిజ్వరం వచ్చిన మనిషిలా ఊగిపోయేది. తలుపుల అద్దాలు గజగజలాడేవి. అల్లుడు దానికో మందు కనిపెట్టాడు. ఆగిన చోటల్లా యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం నొక్కి పెట్టడం. నొక్కితే వణుకు తగ్గుతుంది. తగ్గితే జబ్బు లేనట్టే! ఆ తెలివి చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ బండే వాళ్ళ తిండి. ఏడుగురు కూర్చునే డీజిల్ బండి. హజీరా వైపు కంపెనీలో పనిచేసే ఇంజనీర్లను పొద్దున దింపి, సాయంత్రం తెచ్చే కాంట్రాక్టు. వాళ్ళలో ఆంధ్ర వైపు ఇంజనీరు ఒకాయన, నేను ముందు సీట్లో ఉండగానే అన్నాడు: “ఏంటండీ ఇది, మిక్సీ గిన్నెలో కూర్చున్నట్టుంది? గేటు దగ్గర ఆగితే చాలు, నా నడుం విరిగిపోతోంది.”

అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. ఇంజనీరు ఊరుకోలేదు. ఫిర్యాదు బళ్ళ కాంట్రాక్టరుకు చేరింది. ఆ గుజరాతీ పెద్దమనిషి ఒక్కటే మాట అన్నాడు. సోమవారం పొద్దున గేటు దగ్గర తానే ఎక్కి చూస్తాడు. వణికితే ఆ రోజు నుంచి బండి బంద్.

మొదట ఆ బండి నిక్షేపంగా ఉండేది. ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కితే లాగడం లేదని మా అల్లుడి బాధ. వాళ్ళక్క మొగుడికి ఉధ్నాలో గ్యారేజీ ఉంది. అంతకుముందు ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో ఫిట్టరు. “తీస్కరా బామ్మర్దీ, పులి లెక్క ఉర్కుతది,” అన్నాడట. డీజిల్‌ను ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ పీకి, ఎక్కువ చిమ్మేవి బిగించాడు. పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే గొట్టానికి రేకు పెట్టి మూశాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని తిరిగే కుర్రాణ్ణెవరినో పిలిపించి బండి కంప్యూటర్ లెక్క మార్పించాడు. పులి తయారైంది. నిలబడితే వణికే పులి.

నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు. మీసం రాని వయసులో మగ్గం పనికి సూరత్ వచ్చాను. కార్ఖానా జనరేటర్ పక్కన కూర్చుని డీజిల్ ఇంజన్ నేర్చుకున్నాను, అక్షరాలు కూడబలుక్కుంటూ పుస్తకాలు చదివాను. మగ్గాల మోత నా చెవుల్ని తినేసింది. ఇంజన్ చప్పుడులో తేడా ఇప్పుడు నాకు వినపడదు. అందుకని ఇంట్లో అందరూ నన్ను ఇంజన్‌కు పనికిరానివాడి కింద జమకట్టారు. చెవి పోతే చెయ్యి కూడా పోయిందనుకుంటారు వెధవలు! మగ్గాల షెడ్డులో ఎవడు చెవితో విన్నాడు? ఇనుము మీద అరచెయ్యి ఆనించి, ఏ మగ్గానికి ఏ రోగమో చెప్పేవాళ్ళం.

మాలో మామ అల్లుణ్ణి ఎదురుగా తిట్టకూడదు. కాబట్టి నేను తిట్టవలసిందంతా నా బిడ్డను తిట్టాను.

“ఏం బిడ్డా, మంచిగున్న బండిని గిట్ల జేసుకుంటరా ఎవలన్నా? జర అడుగు మీ ఆయన్ను.”

“ఆయన ఈడనే ఉన్నడు గద బాపూ, నువ్వే అడుగు.”

“నేనెందుకు అడుగుత? నాకు చెవుడు గద. ఏం చెప్పినా ఇనపడది.”

అల్లుడు తల గోక్కుంటూ, “బావ మంచిగనే చేసిండు మామా. కంప్యూటర్‌లో సబ్ ఠీక్ అని చూపెట్టిండు,” అన్నాడు.

కంప్యూటర్ పేరెత్తగానే నాకు నిప్పు అంటుకుంది. తప్పంతా ఆ లెక్కదేనన్నాను. ఆ కుర్రాణ్ణి ఇంటికి రప్పించి, గల్లీ అంతా వినేలా తిట్టి, పాత లెక్క మళ్ళీ ఎక్కించేదాకా వదల్లేదు. రేకు కూడా తీయించాను. బండి స్టార్ట్ చేశారు. అదే వణుకు. కుర్రాడు నా వంక ఒకసారి చూసి ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయాడు. వాడేమన్నా అని ఉంటే బాగుండేది, తిరిగి తిట్టడానికి.

మర్నాడు ఆదివారం. మందుల షాపులో సెలైన్ గొట్టాలు కొనుక్కొచ్చాం. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వాడగా మిగిలి వెనక్కి వచ్చే డీజిల్‌ను ఒక్కో నీళ్ళ సీసాలోకి మళ్ళించాం. ఇంజెక్టర్ లోపల అరిగితే ఆ సీసా తొందరగా నిండుతుంది. బానెట్‌కు వేలాడే సీసాలు చూసి ఎదురింటి గుజరాతీ ఆమె, “కాకా, గాడీనే బాటలా చఢావ్యా?” అని, బండికి సెలైన్ ఎక్కించారా అని నవ్వింది. సీసాలన్నీ సమంగానే నిండాయి. ఇంజెక్టర్లలో దోషం లేదు.

అప్పుడు ఇంజన్ తిరుగుతుండగా ఒక్కో ఇంజెక్టర్ కరెంటు తీగ పీకమని అల్లుడికి చెప్పి, నేను ఇంజన్ కవచం మీద చెయ్యి ఆనించాను. మొదటిది పీకితే వణుకు పెరిగింది. రెండోది పీకినా పెరిగింది. మూడోది పీకాడు. ఏ మార్పూ లేదు. అంటే ఆ సిలిండర్ ముందునుంచే సరిగ్గా మండటం లేదు.

“గిదే! ఇప్పు దీన్ని,” అని అరిచాను. బిడ్డను మధ్యలో పెట్టుకోవడం కూడా మరిచాను.

ఇంజన్ చల్లారాక విప్పాం. ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి మసి. దాని కింద ఉండవలసింది పలచటి రాగి వాషర్ ఒక్కటే. మొదట కొత్తది వచ్చింది. టార్చి వేసి గుంటలోకి చూస్తే అడుగున ఇంకొకటి, పాతది, కరుచుకుని ఉంది. దాన్ని తియ్యకుండా దాని మీదే కొత్తది వేసి బిగించాడు మహానుభావుడు! ఇంజెక్టర్ పైకి లేచింది. డీజిల్ చిమ్మవలసిన చోట చిమ్మడం లేదు.

అల్లుడు బావకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. నేను ఫోన్‌ను చెవికి అదుముకున్నాను.

“పాతది ఊడిరాలే మామా. గట్టిగ కొడితే గుంట ఖరాబైతదని మీదికెల్లి కొత్తది ఏసిన. పేకింగే గద, ఒకటి ఎక్కువుంటే ఏమైతది? మగ్గాలకు ఏస్తలేమా?”

వేస్తాం. అదే కదా నా మంట! మగ్గం ఊగితే దాని కాలి కింద చీర పీలిక మడిచి కుక్కడం సూరత్‌లో ప్రతి ఫిట్టరూ నేర్చిన మొదటి విద్య. “పేకింగ్ నాఖీ దే,” పేకింగ్ వేసెయ్ అని సేఠ్ అనేవాడు. నా పక్క మగ్గం కింద అలా కుక్కి కుక్కి, అసలు పగిలిన భాగం ఎవరూ చూడలేదు. ఒకరోజు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె దారి తప్పి ఎగిరి, మా జిల్లావాడే ఒకతని కన్ను పోగొట్టింది. మర్నాటికి అదే మగ్గం కింద కొత్త పీలిక. అతని చోట కొత్త మనిషి. అప్పుడు నేను నోరు తెరిస్తే నా కూలి పోయేది. ఇప్పుడు నన్ను ఎవడాపుతాడు?

అల్లుడి బావను, నా బిడ్డకు ఆడబిడ్డ మొగుణ్ణి, ఆ ఫోన్‌లో అడ్డగోలుగా తిట్టాను. “నీ కండ్లకు పేకింగ్ పెట్టుకున్నవా? ఇది మగ్గం కాదురా, ఏడుగురు కూసునే బండి!” అన్నాను. నా బిడ్డ చెంగు నోట్లో కుక్కుకుంది. అల్లుడు ముఖం తిప్పుకున్నాడు. అవతల ఫోన్ కట్ అయింది.

గ్రీజు పూసిన కొక్కెంతో పాత వాషర్‌ను మెల్లగా లాగి, గుంట శుభ్రం చేశాం. గుడ్డలో చుట్టి డిక్కీలో పడేసిన పాత ఇంజెక్టర్లనే, ఒక్కోదానికి ఒక్కటే కొత్త వాషర్ వేసి మళ్ళీ బిగించాం. పులి పోయింది. బండి వచ్చింది.

సోమవారం నేనూ వెళ్ళాను, వద్దన్నా వినకుండా. గేటు ముందు కాంట్రాక్టరు ఎక్కి కూర్చున్నాడు. అల్లుడి కాలు అలవాటుగా యాక్సిలరేటర్ మీదికి పోయింది. “తియ్యి కాలు!” అన్నాను. తీశాడు. కాంట్రాక్టరు డ్యాష్‌బోర్డు మీద తన ఫోన్ పెట్టి కాసేపు దాన్నే చూశాడు. అది కదల్లేదు.

“చాల్సే,” నడుస్తుందని చెప్పి దిగిపోయాడు.

అల్లుడు మొదట ఫోన్ చేసింది పెళ్ళానికి కాదు, ఆ బావకు. నాకు ఒళ్ళు మండింది. కానీ వింటూ వింటూ అతని ముఖంలో నవ్వు పోయింది.

“మామా, బావ అడుగుతుండు... ఇంకో రెండు బండ్లకు గూడ గట్లనే వాషర్ మీద వాషర్ ఏసిండట. మీరు జర వచ్చి చూస్తరా అని.”

“ఎవలియి?”

“మన లూమ్‌లోళ్ళయే. సూరత్ నుంచి మన దిక్కు ఊర్లకు సవారీలు కొడుతరు.”

పిల్లాజెల్లాతో రాత్రంతా హైవే మీద! “ఆ బండ్లు కదలద్దని చెప్పు ఇప్పుడే,” అని అరిచాను. అల్లుడు డ్యూటీకి గేటులోకి వెళ్ళాలి. నేను దిగి, ఇచ్ఛాపూర్ రోడ్డు మీద ఆటో ఆపి ఉధ్నా అన్నాను. ఆటోవాడు ఎక్కువ అడిగితే వాణ్ణీ తిట్టి, ఎక్కి కూర్చున్నాను.