ఇత్తడి బిళ్ల మీది పేర్లు

శుక్రవారం నా వంటకు చింతపండు నానబెట్టినప్పుడల్లా ఆ పుల్లటి వాసనకు చేతులు కాసేపు ఆగిపోతాయి. పులుసు మానలేను, రాయచోటి నాలుక ఊరుకోదు. కానీ ఆ వాసన తగిలితే మస్తాన్ చిన్నాయన గుర్తొస్తాడు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. కడప మనిషి. వాళ్లింట్లో తాతల నాటినుంచీ జట్కా గుర్రాలకు జీనులు, కళ్లేలు కుట్టేవారు. కువైట్‌లోని ఎగైలాలో నేను పనిచేసే ఈ ఇంటికి ఆయన డ్రైవరుగా వచ్చాడు. ఇంటి పెద్దాయనను అందరం బాబా అంటాం. బాబాకు ఒక పిచ్చి ఉండేది. ఎప్పుడో తెల్లదొరల కాలంలో హిందుస్థానం సరిహద్దు కొండల్లో కాపలా తిరిగిన గుర్రపు వాలంటీర్ల కత్తులు, బల్లేలు, జీనులు, నడికట్లు ఎక్కడ అమ్మకానికి వచ్చినా కొనేవాడు. వాటికోసం ఒక గదే ఉంది. ఎండి పెళుసెక్కిన జీను ఒకదాన్ని చిన్నాయన నూనె రాసి మెత్తబరిచాడట. ఆ రోజే కారు తాళం మరొకరికి పోయి, గది తాళం ఆయన చేతికి వచ్చింది.

దుమ్ము దులపడానికి నన్ను పెట్టారు. అంతకుముందు నాకు పని చెప్పినవాళ్లే గాని నేర్పినవాళ్లు లేరు. ఆయన నేర్పాడు. అదేమీ నల్లేరు మీద బండి నడక కాదు, కత్తిని ఒరలోంచి తీయడానికే నెల పట్టింది.

"వీళ్లు ఇంటికాడ్నుంచి సొంత గుర్రం, సొంత కత్తి తెచ్చుకోని ఎవురి సరిహద్దో కాసినోళ్లు అమ్మీ," అన్నాడొకసారి.

"మన మాదిరే గదా చిన్నాయనా," అన్నాను.

"నోరు బాగనే తిరుగుతాది. చెయ్యి గూడా తిరగల్ల," అని నవ్వాడు.

వాటిలో ఒక నడికట్టుకు ఇత్తడి బిళ్ల ఉండేది. నల్లగా మాసిన ఆ బిళ్ల మీద ఎవరో రౌతు మేకుతో సన్నగా ఉర్దూలో గీసుకున్నాడు. "వాని పేరు కింద గుర్రం పేరు గూడా రాసుకున్న్యాడు, సూడు," అని చిన్నాయన చదివి చెప్పాడు. గది మొత్తంలో బాబాకు ప్రాణం అదే. "పొడిగుడ్డ తప్ప ఇంగేం తగలనీకు," అని చిన్నాయన నాకు రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు అతిథులు వస్తారనగా ఆయన నమాజుకు వెళ్లాడు. నా కంటికి ఆ నలుపు ఆగలేదు. మా ఊళ్లో ఇత్తడిని అలా వదిలేసిన ఆడదాన్ని బద్ధకస్తురాలంటారు. చింతపండు, ఉప్పు, స్టీలు పీచు తీసుకున్నాను. బిళ్ల బంగారంలా తేలింది. గొప్పగా తీసుకెళ్లి చిన్నాయనకు చూపించాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, ఉన్నచోటే కూర్చుండిపోయాడు. పేర్లు లేవు.

"ఎవరు చేశారు?" అని సాయంత్రం బాబా అడిగాడు. మా అమ్మాయి నర్సింగు చదువుతున్న రోజులవి. దాని ఫీజు నా జీతం మీదే.

"నేనే బాబా," అన్నాడు చిన్నాయన.

బాబా బిళ్ల అందుకుని చూశాడు. "ఖలాస్," అన్నాడు. ఆ ఒక్క మాటతో చిన్నాయన కొలువు అయిపోయింది.

వెళ్లే రోజు ఆయన పెట్టెకు తాడు కడుతుంటే, ఎందుకలా చెప్పావని అడిగాను.

"తోమొద్దని నేను నీకు చెప్పల్యా గదమ్మీ. చెప్పనోనిదే తప్పు," అన్నాడు.

చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆయన విమానం ఎక్కేదాకా నేను బాబా ముందుకు వెళ్లలేదు. అంత పిరికిదాన్ని.

రెండేళ్లకు, నాన్న పోయాడని చిన్నాయన కూతురు ఫోను చేసింది. ఆ శుక్రవారం బాబా దగ్గర కూర్చుని, బిళ్ల తోమింది నేనేనని చెప్పేశాను. అప్పటికే ఆయనకు మతిమరుపు ముదిరింది. అంతా విని నా మీద మండిపడ్డాడు. తర్వాత తేరుకుని, "అయితే అతని తప్పేమీ లేదు. పిలిపించు. టికెట్ నేను పంపుతాను," అన్నాడు.

మరుసటి శుక్రవారం, "మస్తాన్ ఏడీ? జీను ఎండిపోతోంది," అన్నాడు. మళ్లీ మొదటినుంచీ చెప్పాను. మళ్లీ కోప్పడ్డాడు, మళ్లీ పిలిపించమన్నాడు.

ఇప్పుడు ఆ గది తాళం నా దగ్గరే ఉంటుంది. శుక్రవారం శుక్రవారం నా తప్పు ఒప్పుకుంటూనే ఉన్నాను. చిన్నాయన చనిపోయాడని మాత్రం ఒక్కసారీ చెప్పలేకపోయాను. "సరే బాబా, పిలిపిస్తాను," అని పొడిగుడ్డ అందుకుంటాను.