కర్త లేని క్రియ

నా స్కూటీ తగిలి పడిపోయిన నావికుడితో నేను ఫ్రెంచిలో గడగడా మాట్లాడేశానని మా ఆయన కనిపించినవాళ్ళందరికీ చెబుతుంటారు. అబద్ధం. ద్వారకా నగర్‌లో ఫ్రెంచి క్లాసులో చేరి అప్పటికి వారమే. ‘నడవడం’, ‘తినడం’ లాంటి క్రియల మూలరూపాలు తప్ప నాకేమీ రావు. ఎవరు, ఎప్పుడు అన్నది వాటిలో ఉండదు. వాటినే వల్లె వేసుకుంటూ పోర్టు రోడ్డులో మలుపు తిరిగి అతన్ని గుద్దేశాను. తప్పు నాదే.

అతను లేవలేదు. ఏదో మూలిగాడు. ఫ్రెంచే!

“సచ్చిపోతాడేటమ్మా? ఏదోటి మాటాడండి!” అన్నాడు పక్కన ఆగిన ఆటో డ్రైవరు.

“నోర్ముయ్! మాటాడతన్నాను కదా!” అని కసిరి, కిందికి వంగి “మార్షే?” అన్నాను. అంటే నడవడం.

నాకు వచ్చిందెంతో అతనికి అర్థమైనట్టుంది. “మార్షే” అంటూ మెల్లగా లేచి నాలుగడుగులు వేశాడు. నాకు ఏడుపొచ్చేసింది. “పార్దొనే” అన్నాను. క్షమించడం.

“ఉబ్లియే” అని నవ్వి, కుంటుతూ పోర్టు గేటు వైపు వెళ్ళిపోయాడు. మరచిపోవడం.

ఎదుటివాళ్ళ తప్పుల్ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుని దెప్పే మనిషిని నేను. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు. దానికి కర్త ఎవరు? తను మరచిపోతానన్నాడా, నన్ను మరచిపొమ్మన్నాడా?