సుద్దముక్కతో పాసైన బండి

మా వదిన తప్పు చేయదు. వెటకారానికి అంటున్న మాట కాదిది, పాతికేళ్ళుగా మా ఇంట్లో అమల్లో ఉన్న చట్టం. కూరలో ఉప్పు రెండుసార్లు పడితే, ఉప్పు కంపెనీవాడు ఘాటు పెంచాడన్నమాట. ఒకసారి బండి వెనక్కి తీస్తూ మా ఇంటి గేటును గుద్దింది. దిగి చూసి, "ఈ గేటు ఇక్కడ ఎవరు పెట్టమన్నారు?" అంది. మేం నవ్వుకున్నాం. నెల తిరక్కుండా గేటును మూడడుగులు పక్కకు జరిపించింది. అన్నయ్య కొత్త గేటుకేసి చూశాడు, నాకేసి చూశాడు, కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ బండి ఒకప్పుడు అన్నయ్య నడిపిందే. తొమ్మిది సీట్ల వ్యాను. డయాలసిస్ చేయించుకునే నలుగురిని వారానికి మూడు రోజులు ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపడం, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేర్చడం, అదీ పని. అన్నయ్యకు చూపు మందగించి నడపకూడదని డాక్టర్లు తేల్చేసరికి వదినకు నలభై ఒకటి. అప్పటికి ఆవిడ సైకిలు కూడా తొక్కి ఎరగదు. "ఇంకొకడి చేతిలో పెడితే పాపం వాళ్ళను బస్తాల్లా పడేస్తాడు" అని తనే స్టీరింగ్ పట్టింది. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ పరీక్ష పెట్టినాయనకే నడపడం రాదని తీర్పు చెప్పింది. మూడోసారి పాసయింది. ఆయన నేర్చుకున్నాడట!

అది జరిగి పదకొండేళ్ళు. ఒక్కరోజు నాగా లేదు. పిల్లి అడ్డొచ్చినా, ఎండుటాకు ఎగిరొచ్చినా బ్రేకు వేస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఆవిడను బ్రేకమ్మ అంటారు, చాటుగా. బండిలో ఉన్నవాళ్ళను మాత్రం ఎదురుగానే తిడుతుంది. "మాస్టారూ, మళ్ళీ నీళ్ళు తాగారు కదూ? ఆ మొహం చూసుకోండి ఎలా ఉబ్బిందో!" అంటూనే లెక్కల మాస్టారి కాళ్ళ కింద ఎక్కడానికి స్టూలు వేస్తుంది. కిటికీ తాతకు ఎడమవైపు కిటికీ సీటు తప్ప ఇంకేదీ పనికిరాదు. మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి తిరిగొచ్చేటప్పుడు వాంతి చేసుకుంటుంది, ఆమెకు ముందు సీటూ చేతిలో ఒక కవరూ. టైలరు ఎక్కడ కూర్చున్నా ఫర్వాలేదు, నోరు మూయించలేం. ఇంతమంది తిరిగే బండి అయినా అద్దం మీద వేలిముద్ర ఉండదు. కనబడిందా, డాష్‌బోర్డు మీది పసుపు గుడ్డ బయటికొచ్చేస్తుంది.

ఏడాదికోసారి ఆ బండికి ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. చేసేది పెద్దరోడ్డు మీది గ్యారేజీ మేస్త్రీ. పనిమంతుడు, అది కాదనను. చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. కాకపోతే ఏది అడిగినా "అయిపోయిందమ్మా" అంటాడు. అంటే ఇంకా మొదలుపెట్టలేదని అర్థం. బండి గడువు ఈసారి ఆదివారంతో తీరుతుంది. వదిన అంతకుముందు మంగళవారమే పరీక్షకు ఇచ్చింది. "పాసయిపోయింది, తీసుకెళ్ళండి" అని ఫోనొచ్చింది, తెచ్చుకుంది. అక్కడితో ఆ సంగతి తీరిపోయిందనుకున్నాం.

శుక్రవారం ఆసుపత్రిలో బళ్ళ కౌంటరు దగ్గరి అమ్మాయి కంప్యూటరు చూసి మొహం ముడుచుకుంది.

"ఆంటీ, మీ బండి ఫిట్‌నెస్ పాసైనట్టు ఎక్కలేదు."

"మంగళవారమే పాసయిందమ్మా. సరిగ్గా చూడు."

"నాలుగుసార్లు చూశాను. రేపు మధ్యాహ్నం పన్నెండుకు వచ్చేవారం లిస్టు మూసేస్తారు. అప్పటికి ఎక్కకపోతే మీ బండి తీసేసి, బస్సు కంపెనీకి ఇచ్చేస్తారు. మళ్ళీ చేర్చాలంటే మూడు నెలలు."

బస్సు కంపెనీ సంగతి మాకు తెలుసు. వాళ్ళ బండి సందుల్లోకి రాదు. పెద్దరోడ్డు మీద ఆగుతుంది, రెండు నిమిషాలు చూస్తుంది, పోతుంది. మాస్టారు ఇంట్లోంచి వీధి గుమ్మానికి రావడానికే ఐదు నిమిషాలు పడుతుంది. వదిన అగ్గి మీద గుగ్గిలమైంది. కౌంటరు ముందే మేస్త్రీకి ఫోను కొట్టింది.

"అయిపోయిందమ్మా, ఎక్కించేస్తున్నా" అన్నాడాయన.

మధ్యాహ్నం చేసింది. అయిపోయిందన్నాడు. సాయంత్రం చేసింది. అయిపోయిందన్నాడు. శనివారం పొద్దున చేస్తే ఎత్తలేదు.

తొమ్మిదిన్నరకు వదిన నన్ను కూడా బండెక్కించింది, సాక్ష్యానికి పనికొస్తానని. నేను వెళ్ళింది సాక్ష్యానికి కాదు. వాళ్ళిద్దరి యుద్ధం టికెట్టు లేకుండా చూడొచ్చని. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసేంత ఉత్సాహంగా ఉన్నాను.

గ్యారేజీలో ఒక మూల అద్దాల గది ఉంది. అందులో మేస్త్రీ కోడలు కంప్యూటరు ముందు కూర్చుంటుంది. మేస్త్రీ గుమ్మంలో నిలబడి చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఏమయ్యా, నా బండి పాసయిందా లేదా?" అని గుమ్మంలోనే మొదలుపెట్టింది వదిన.

"పాసేనమ్మా. బంగారంలా ఉంది."

"మరి కంప్యూటర్లో ఏదీ?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. నేను పాస్ చేస్తే అద్దం మీద సుద్దముక్కతో టిక్కు పెడతాను. సాయంత్రం ఐదింటికి వరసగా నడుస్తూ టిక్కులు చూసి చెప్తాను, అమ్మాయి ఎక్కిస్తుంది. పదిహేనేళ్ళ పద్ధతి. ఒక్క బండి తప్పలేదు."

"నా బండికి పెట్టలేదన్నమాట."

"పెట్టానమ్మా!"

"పెట్టలేదు! చేసింది ఒప్పుకోవయ్యా. పెద్దవాడివి, మరిచిపోయానంటే నీ సొమ్మేం పోయింది?" ఈ మాట అన్నది గేటు జరిపించిన మనిషి. నేను పైకప్పు రేకులకేసి చూస్తూ ఉండిపోయాను.

కోడలు మధ్యలో వచ్చింది. "ఇప్పుడు మామూలుగా ఎక్కించడానికి లేదండీ, మూడు రోజులు దాటింది. కొత్తగా పరీక్షకు పెడదామంటే తొమ్మిది రోజుల తర్వాత గానీ తేదీ లేదు. ఆలస్యానికి కారణం రాసి పంపిస్తే మాత్రం తీసుకుంటారు. గ్యారేజీ పొరపాటైతే పాత తేదీతోనే ఎక్కుతుంది. బండి వాళ్ళ వల్ల అయితే కుదరదు, మళ్ళీ పరీక్షే."

"అయితే రాయి. గ్యారేజీ పొరపాటే" అంది వదిన.

"నేను రాయను" అన్నాడు మేస్త్రీ. "అలాంటి మచ్చలు మూడు పడితే పరీక్షలు చేసే లైసెన్సు పోతుంది. ఇప్పటికే ఒకటుంది. చెయ్యని తప్పుకి రెండోది నేనెందుకు వేయించుకుంటాను?"

"చెయ్యలేదా? ఆ పైన కెమెరా ఉంది కదా. తియ్యి! అందరం చూద్దాం, ఎవరు చేశారో!"

తియ్యమన్నది వదినే. ఇది గుర్తు పెట్టుకోండి.

కోడలు మంగళవారం బొమ్మ తీసింది. నలుగురం ఆ చిన్న తెర మీదికి వంగాం. మూడు ఇరవైకి మేస్త్రీ మా వ్యాను కింద నుంచి బయటికొచ్చాడు. చెవి మీది సుద్దముక్క తీసి ముందు అద్దం మీద ఇంత పొడుగు టిక్కు పెట్టాడు.

"అదిగో!" అన్నారిద్దరూ ఒక్కసారే.

"పెట్టానా లేదా?" అన్నాడు మేస్త్రీ.

"పెట్టావు! పెట్టి ఎక్కించడం మర్చిపోయావు! చాలు, కాగితం తియ్యి!" అంది వదిన.

కోడలు బొమ్మ ఆపలేదు. నాలుగున్నరకు వదిన తెర మీదికి వచ్చింది. గేటుకు అడ్డంగా లారీ ఉంది, బయటికి పోవడానికి దారి లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. అద్దం ముందు ఆగింది. తల అటు వంచి, ఇటు వంచి ఆ గీతను చూసింది. తలుపు తీసి పసుపు గుడ్డ అందుకుంది. అద్దం మీద నోటితో ఆవిరి ఊది, శుభ్రంగా, నిదానంగా, మూలమూలలా తుడిచింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని తృప్తిపడింది. పక్కనున్న కారు అద్దం వైపు కూడా ఒక అడుగు వేసి, ఎందుకో ఆగిపోయింది. ఆ కారు వాళ్ళ అదృష్టం బాగుంది.

ఐదింటికి మేస్త్రీ వరసలో నడుస్తూ వచ్చాడు. ఒక్కొక్క అద్దం చూసి అద్దాల గదివైపు కేకేసి చెప్తున్నాడు. మా వ్యాను దగ్గరికొచ్చాడు. అద్దం తళతళలాడుతోంది. లోపల కూర్చున్న వదినకు నమస్కారం కూడా పెట్టి పక్క కారుకు వెళ్ళిపోయాడు. గంటన్నర క్రితం తన చేత్తో పరీక్ష చేసిన బండి!

నాకు నవ్వు తన్నుకొచ్చి, చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. వదిన మొహం చూశాక ఆ నవ్వు ఎటు పోయిందో తెలీదు. ఆవిడ ఇంకా ఆ తెరనే చూస్తోంది.

"అద్దం బాగా తుడిచారమ్మా" అన్నాడు మేస్త్రీ.

"మీరు నవ్వకండి మావయ్యగారూ" అని కోడలు కసిరింది. "బండి ర్యాంపు మీద ఉండగానే ఎక్కించాలని రూలు. నాలుగేళ్ళుగా చిలక్కి చెప్పినట్టు చెప్తున్నాను. సుద్దముక్కలు దాచేస్తే డబ్బాడు తెచ్చుకున్నారు."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఎంతైనా, తుడిచింది నేను కాదు."

గోడ గడియారం పదకొండూ ఇరవై దాటింది. అరగంట క్రితం వరకు వదిన హక్కుగా గద్దించి అడిగిన కాగితమే, ఇప్పుడు ఆయన ఇస్తే పుచ్చుకోవాలి. నిజం రాస్తే బండి పోతుంది. నిజం ఆవిడే కెమెరా పెట్టి మరీ బయటికి తీయించింది. ఇంకెవరైనా అయితే నేను జాలిపడేదాన్ని. వదిన మీద జాలిపడాలంటే భయం, ఆ జాలి ఇక్కడెవరు పెట్టమన్నారంటుంది.

వదిన కుర్చీలో కూర్చుంది.

"మేస్త్రీ గారూ."

మేస్త్రీ వెనక్కి తిరిగి చూశాడు. ఆ గారు ఎవరికా అని.

"రాయండి" అంది.

"ఏమని రాయమంటారు?"

"పొరపాటు మీదేనని."

"పొరపాటు ఎవరిదమ్మా?"

"నాది."

నేను గోడ పట్టుకున్నాను.

"నాదేనని రాస్తే సోమవారం నేను ఇంట్లో కూర్చుంటాను. నాకేం, కాళ్ళు చాపుకుని పడుకుంటాను. మాస్టారు పెద్దరోడ్డు దాకా నడవలేరు. ఒక్క రోజు తప్పితే ఆయనకు ఊపిరాడదు, మంచం మీద కూర్చుని ఆయాసపడతారు. నేను చూశాను. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను గానీ, తొందరగా చెప్పండి. ఇంక అరగంటే ఉంది."

"ఛ, అవేం మాటలమ్మా" అని మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు. కాసేపు గ్రీజు గుడ్డను నలిపాడు. తర్వాత కోడలి టేబులు మీద కాగితం లాక్కుని, నిలబడే రాశాడు. రాస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు, కంప్యూటర్లను, రూళ్ళను, పసుపు గుడ్డలను. పరీక్ష చేసిన వెంటనే నమోదు చేయకపోవడం గ్యారేజీ పొరపాటు అని రాసి సంతకం పెట్టాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజం మాత్రం సగమే ఉంది.

కోడలు దాన్ని పంపించింది. పన్నెండుకు ఎనిమిది నిమిషాలు ఉందనగా బండి పాసైనట్టు ఎక్కింది. ఆసుపత్రి కౌంటరు అమ్మాయికి ఫోను చేస్తే, "వచ్చేసింది ఆంటీ, లిస్టులో ఉంచాను" అంది. వదిన ఫోను పెట్టేసి, కోడల్ని ఇంకో కాగితం అడిగింది.

ఆవిడ రాత నత్తనడక. సగం దాకా వచ్చాక గానీ ఏం రాస్తోందో నాకు అర్థం కాలేదు. మంగళవారం నాలుగున్నరకు అద్దం మీది గుర్తు తుడిచింది తనేనని, మేస్త్రీ గారి తప్పు తక్కువని, తన తప్పు ఎక్కువని. కింద సంతకం, బండి నంబరు.

"ఇది మీ దగ్గర పెట్టుకోండి. మూడో మచ్చ పడి మీ లైసెన్సు మీదికొస్తే, వాళ్ళకు చూపించండి."

సినిమాల్లో అయితే ఆయన దాన్ని చింపేసేవాడు. మేస్త్రీ చింపలేదు. రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఇంత జరిగాక ఆ మనిషి మీద నాకు ఒళ్ళు మండింది.

బండి పెద్దరోడ్డు ఎక్కాక ఆగలేక అడిగేశాను. "నీకేమైనా మతి పోయిందా వదినా? పని అయిపోయింది కదా, మాట్లాడకుండా వచ్చేస్తే ఏం? కోరి కోరి నీ జుట్టు ఆయన చేతికిచ్చి వచ్చావు. రేపు ఎప్పుడైనా కోపమొచ్చి ఆ కాగితం ఆసుపత్రిలో ఇచ్చాడంటే నీ బతుకేం కాను?"

ఎదురుగా ఏమీ లేకపోయినా వదిన బ్రేకు వేసింది. వెనకాల ఎవరో హారన్ మోత మోగించారు.

"ఆయన తప్పు కంప్యూటర్లో ఎక్కిందే పిచ్చిదానా" అంది. "నాది కూడా ఎక్కడో ఒకచోట ఎక్కాలి కదా."