పట్టాలను కలిపిన టీచరమ్మ

మా పక్కింటి తలుపులకు రంగులు వేస్తున్నారు. ఉదయం కిటికీ తీయగానే అవిసె నూనె వాసన గుప్పున కొట్టింది. ఆ ఇంటి అమ్మాయి గుమ్మంలో కూర్చుని, పునరుజ్జీవన కాలపు చిత్రకళ లక్షణాలను పరీక్ష కోసం ఇంగ్లీషులో వల్లె వేస్తోంది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, ఒక్క బొమ్మ కూడా చూపించకుండా దాని లక్షణాలు బట్టీ పట్టించే పెద్దమనుషుల మీద. పులుసు నాలుక మీద వేయకుండా దాని రుచి గురించి పేజీ నింపమంటే ఎలా? ఐదో తరగతితో బడి మానిన నాకే ఎస్తేరమ్మ టీచరు అంత అన్యాయం చేయలేదు.

టీచరమ్మ రైల్వే బడిలో డ్రాయింగు చెప్పేవారు. మాలాగే కోస్తా నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం. మా క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు వారిది. వరండా నిండా రంగులు, నూనెలు, అవి ఆరే వాసన. నేను అప్పటికే ఉద్యోగస్థుణ్ని, లైను మీద పట్టాలు సరిచూసే గ్యాంగులో పని. డ్యూటీ దిగాక అటు వెళ్తే ఆవిడ ముందు టీ ఇచ్చేవారు, తరువాత తిట్లు. బొమ్మ చూసి "బాగుందండీ" అన్నామా, అయిపోయామే. "బాగుందని సెప్పడానికి నువ్వెందుకురా? ఏటి కనబడింది, అది సెప్పు!"

ఒకరోజు పాత క్యాలెండర్ల నుంచి తీసిన రెండు ఇటలీ బొమ్మలు గోడకు తగిలించారు. రెండింట్లోనూ తల్లీ బిడ్డే. ఒకదాని వెనక అంతా బంగారు రంగు. తల్లి కొండంత, చుట్టూ దండం పెట్టేవాళ్ళు చిటికెన వేలంత. రెండోది దాని తరువాతి కాలానిది.

"తేడా ఏటి, అప్పలస్వామీ?"

"మొదటిది మా దేవుడి పటంలా ఉందండి. రెండోది మా వదినలా ఉంది."

ఆవిడ పకపకా నవ్వారు. "అదీ! మీ వదినలా ఎందుకుంది?"

అప్పుడు చూశాను. బిడ్డ బరువుకి ఆ తల్లి నడుం ఒక పక్కకి ఒరిగింది. బుగ్గ మీద వెలుగు ఒకవైపు నుంచే పడుతోంది, రెండో బుగ్గ నీడలో మెత్తగా కలిసిపోయింది. వెనక కొండలు దూరం వెళ్ళేకొద్దీ పలచబడి నీలంగా మారాయి. ఒక్కొక్కటీ నేను చెబుతుంటే టీచరమ్మ, "ఊఁ, ఇంకా?" అంటూ పోయారు. లక్షణాల పేర్లు ఏళ్ళ తరువాత పుస్తకాల్లో చదివాను. లక్షణాలను మాత్రం ఆ వరండాలోనే గుర్తుపట్టాను.

ఆ ఊపులోనే మా తెలుగువాళ్ళ నాటకానికి వెనక తెర గీస్తానని ఒప్పుకున్నాను. ఆఖరి అంకం రైల్వే స్టేషను. నా జీవితంలో ఎవరైనా నా చేతికి అప్పగించిన మొదటి బొమ్మ అది. గీసి చూపిస్తే మా తెలుగు సంఘం సెక్రటరీ, రైల్వే ఆఫీసు గుమస్తా భాస్కరరావుగారు నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"ఇవి పట్టాలా, నిచ్చెనా? హీరో దీనెక్కి మేడ మీదికెళ్ళిపోతాడేటయ్యా?"

"గేజు సరిగ్గా ఉందండి. కింద ఎంతో, పైన అంతే."

"అదేరా బాబూ నీ రోగం! ఆదివారానికి ఇది మారకపోతే కలకత్తా నుంచి వేరే తెర తెప్పించేస్తాను."

ఉడికిపోతూ టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. రెండు పట్టాల మధ్య ఎడం వేలెడు తగ్గితే బండి పడిపోతుంది. దాన్ని కాపాడటమే నా ఉద్యోగం. ఈ గుమస్తా నాకు చెబుతాడా! ఆవిడ అంతా విని, చెప్పులేసుకుని, ప్లాట్‌ఫారం చివరిదాకా నన్ను నడిపించారు.

"పట్టాలు ఎక్కడ కలిసినాయి?"

"కలవవండి. కలిస్తే నా ఉద్యోగం పోద్ది."

"నీ ఉద్యోగం మాటెవుడడిగినాడు? నీ కన్ను ఏటి సెప్తంది?"

కన్ను నిజమే చెప్పింది. కలిశాయి. చాలా దూరాన, నా కంటికి సరిగ్గా ఎదురుగా.

"ఇప్పుడు కూకో."

కూర్చున్నాను. ఆ చోటు కూడా కిందికి దిగింది! లేచాను, పైకి వచ్చింది. పిచ్చివాడిలా లేస్తూ కూర్చుంటూ ఉంటే ఒక టీ అమ్మే బెంగాలీ దాదా, "కీ హోలో?" అని, ఏమైందంటూ కంగారుపడ్డాడు.

"సూసినావా, నువ్వు కూకుంటే అదీ కూకుంది" అన్నారు టీచరమ్మ. "ఆ ఇటలీవోళ్ళు పట్టుకున్నది ఇదేరా. సూసేవోడు ఎక్కడున్నాడో ముందు అనుకుని, అప్పుడు బొమ్మ గీసినారు. నీ తెర ఎవుడి కంటికి గీస్తావో తేల్చుకో."

తేల్చుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. హాల్లో ముందు కుర్చీలు ఆఫీసర్లవి. మా గ్యాంగువాళ్ళు ఎప్పుడూ వెనక గోడకి ఆనుకుని నిలబడే చూసేవాళ్ళు. నేను ఆ గోడ దగ్గర నిలబడి, వేదిక మీద ఉన్న మా గ్యాంగు కుర్రాడు సన్యాసిని కేకేసి, నా కంటికి తిన్నగా ఎదురైన చోట తెర మీద సుద్దతో చుక్క పెట్టించాను. పట్టాలు రెండూ ఆ చుక్క దగ్గరికే చేర్చాను. దీపం వెలుగు ఒకవైపు నుంచే, దూరపు చెట్లు నీలంగా. భాస్కరరావుగారు వచ్చి చూసి, తెరకి తాళ్ళు కట్టించారు.

ఆదివారం ఆఖరి అంకంలో ముందు తెర లేచి నా స్టేషను కనబడింది. ముందు వరుసల్లో చప్పట్లు మర్యాదగా మోగాయి. వెనక గోడ దగ్గర మాత్రం ఈలలు. "ఒరే, మన లైనేరా! సిగ్నల్ పడిపోనాది, హీరోయిన్ని పట్టాల మీద నుంచి లెగమనండ్రా!" హీరోయిన్ వేషంలో ఉన్న అబ్బాయి నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పేసుకున్నాడు. టీచరమ్మ తనకు వేసిన కుర్చీ వదిలి, మా వాళ్ళ మధ్యకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. తెర చూసి, నన్ను చూసి, "ఇక్కడి నుంచి బావుందిరా" అన్నారు.

ఆవిడ నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే. ఇప్పటికీ ఏ గొప్ప బొమ్మ ఎదుట పడినా దాని పేరు, వయసు తరువాత అడుగుతాను. ముందు అటూ ఇటూ జరిగి, వంగి, లేచి, దాన్ని గీసినవాడు నాకోసం ఉంచిన చోటు వెతుక్కుంటాను. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనీ, ఆ చోట నిలబడందే కదలను.