వెనక తలుపు మీద రెండు పేర్లు

మా ఆఫీసు సెల్లారులో లిఫ్టు దిగగానే ఈమధ్య ఒక వాసన ముక్కుకు తగులుతోంది. కార్లు కడిగి, మైనం పూసి, మెరిపించి ఇచ్చేవాళ్లెవరో అక్కడ ఒక మూల కొట్టు పెట్టుకున్నారు. మనం పైన మీటింగుల్లో మాడుతుంటే కింద మన కారు స్నానం చేసి సింగారించుకుని కూర్చుంటుంది. దానికి డిటెయిలింగ్ అని పేరట. కొంచెం కిరసనాయిలు, కొంచెం కొవ్వొత్తి కలిపినట్టుండే ఆ మైనం వాసన తగిలిందంటే చాలు, తాళంచెవి చేతిలో పట్టుకుని ఎటు వెళ్లాలో మరిచిపోయి నిలబడిపోతాను. “మేడం, బండి దొరుకుతలేదా?” అని వాచ్‌మన్ అడిగాడు కూడా. ఏం చెప్పను? దొరికింది లేవయ్యా, నువ్వు పో అన్నాను.

మాది నానక్‌రామ్‌గూడ. ఇప్పుడా పేరు చెబితే అందరికీ అద్దాల భవనాలు, షేర్ ఆటోల తొక్కిడి గుర్తొస్తాయి గానీ, నా చిన్నప్పుడు మా ఇంటి వెనక పెద్ద పెద్ద రాతిగుండ్లు, ఆ గుండ్ల సందున తంగేడు, సీతాఫలం చెట్లు ఉండేవి. వానలు వెనకబట్టి గునుగు తెల్లగా పూసే రోజుల్లో నేనూ మా చెల్లె లావణ్యా ఒడినిండా పూలు కోసుకొచ్చేవాళ్లం, అమ్మ వాకిట్లో కూర్చుని ఇత్తడి తాంబాలంలో బతుకమ్మను పేర్చేది, లోపల పొయ్యి మీద వేగుతున్న నువ్వుల కమ్మదనం, దంచిన పల్లీల్లో బెల్లం కలుస్తున్న వాసన వీధి మలుపుదాకా వచ్చేవి. అప్పటికే గుండ్లను పేల్చడం మొదలైంది. మధ్యాహ్నం పూట ఎవరో ఈల ఊదేవాడు, ఎర్రగుడ్డ ఊపేవాడు, అమ్మ పరుగున వెళ్లి పప్పుగిన్నె మీద మూత పెట్టేది, ఆ వెంటనే ధడేల్‌మనేది. కాసేపటికి తెల్లటి రాతిదుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద, ఒడియాల మీద, అన్నిటికంటే ముఖ్యంగా మా నాయిన బండి మీద వాలేది.

నాయిన డ్రైవరు. ఎవరి దగ్గరో వాడిన బండిని కొన్నాడు, ముదురు నీలం రంగుది, వెనక మనుషులు ఎదురెదురుగా కూర్చునే పెద్ద బండి. రాయదుర్గం వైపు లేస్తున్న ఆఫీసులకు ఉద్యోగులను తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. ఆ బండంటే ఆయనకు ఎంత పిచ్చో చెప్పలేను. దుమ్ము పడిందని తెలిస్తే తింటున్న కంచం ముందునుంచి లేచేవాడు. “నీ బండికి దిష్టి తియ్యనా, అన్నం తినిపియ్యనా?” అని అమ్మ దెప్పితే, “రెండూ చెయ్యి” అనేవాడు నవ్వుతూ.

ఆదివారం వచ్చిందంటే వాకిట్లో పండగే. ముందు నీళ్లు కొట్టి మట్టి కరిగించడం, తర్వాత షాంపూ నురగ, తర్వాత తడి ఆరేదాకా నీడలో నిలపడం, ఎండలో మైనం పూస్తే మరకలు పడతాయని. అప్పుడు మైనం డబ్బా మూత తీసేవాడు. పాత బనీను ముక్కను అందులో అద్ది, గుండ్రంగా, తొందర లేకుండా, పసిపిల్లకు నూనె రాసినట్టు రాసేవాడు. బండంతా తెల్లగా మబ్బు కమ్ముకునేది. కాసేపాగి పొడిగుడ్డతో తుడిస్తే ఆ మబ్బు విడిపోయి అందులో మా ఇల్లు, వేపచెట్టు, పళ్లు ఊడిన మా చెల్లె మొహం కనబడేవి. అది నాలుక బయటపెట్టి తన్ను తానే వెక్కిరించుకునేది.

అప్పట్లో మా దగ్గర బండి ఉన్న ప్రతివాడూ దానిమీద పిల్లల పేర్లు రాయించుకునేవాడు. ఆటో అయినా, లారీ అయినా, ట్రాలీ అయినా అంతే. రంగుతో కాదు, రేడియం స్టిక్కరుతో. ఒక దసరాకు ముందు నాయిన కూడా మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని రేడియం కొట్టుకు తీసుకెళ్లాడు. బండి పక్కల ముందునుంచి వెనకదాకా పసుపూ ఎరుపూ పట్టీలు, వెనక మా పేర్లు. కొత్తపెళ్లికొడుకులా ఉండాలని పొద్దున్నే లేచి ఒళ్లంతా మైనం పూసి మెరిపించి మరీ తీసుకెళ్లాడు. ఇంకేముంది, అతికించిన పట్టీ అతికించినట్టే జారిపోవడం. కొట్టు ఆయన తల పట్టుకున్నాడు.

“మైనం పూసుకొస్తే రేడియం ఎట్ల అంటుకుంటదే అన్నా! గింత పరేషాన్ చేస్తవేంది?”

పూసిందంతా పెట్రోలు గుడ్డతో నాయినే తుడవాల్సి వచ్చింది. మేమిద్దరం పక్కనున్న అరుగు మీద కూర్చుని పొట్టలు పట్టుకుని నవ్వాం. ఇక పేర్ల దగ్గరికొచ్చేసరికి, అందరిలాగే వెనక అద్దం మీద వేసుకొమ్మన్నాడు కొట్టు ఆయన. నాయిన ససేమిరా అన్నాడు.

“అద్దం పలిగిందనుకో, పిల్లల పేర్లు పలుగుతయి. వద్దు. రేకు మీదనే ఎయ్యి.”

అలా మా పేర్లు వెనక తలుపు రేకు మీదికొచ్చాయి. పైన సునీత, కింద లావణ్య, పసుపుపచ్చని అక్షరాలు. లావణ్య అక్కడే అలిగి కూర్చుంది, అక్క పేరు పైన, నాది కిందనా అని. నాయిన దాన్ని దగ్గరికి తీసుకుని, “కింద ఉంటే నీకు అందుతది బిడ్డా, నీ పేరు నువ్వే తుడుసుకోవచ్చు” అన్నాడు. అంతే, అలక పోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం అది దాని కొలువు. అక్షరాల అంచుల్లో మైనం తెల్లగా గడ్డకడుతుంది. చీపురుపుల్లకు తడిగుడ్డ చుట్టి, తన పేరు చుట్టూ తిప్పి తిప్పి ఆ తెలుపు తీసేది, తీస్తున్నంతసేపూ బతుకమ్మ పాటలో సగం చరణం తప్పులతో పాడుతూనే ఉండేది. నా పేరు జోలికి మాత్రం పోయేది కాదు, మహాతల్లి.

తర్వాతి ఏడు వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో దానికి జ్వరం వచ్చింది. కట్టడాల కోసం తవ్విన గుంతల నిండా నీళ్లు, ఊరి నిండా దోమలు, ఇంటికొకరు మంచం పట్టి ఉన్నారు; అందరికీ తగ్గినట్టే తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు. వెనక సీట్లో అమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని ఆ బండిలోనే దవాఖానకు తీసుకెళ్లారు. ఆ బండిలోనే తిరిగి తీసుకొచ్చారు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

ఆ ఏడు మా వాకిట్లో బతుకమ్మ లేదు. గుండ్ల సందున తంగేడు పూసి పూసి రాలిపోయింది. నాయిన మాత్రం ఆదివారం కాగానే బనీనుగుడ్డ తీసుకుని బండి దగ్గరికి పోయేవాడు, అంతా అయ్యాక చీపురుపుల్లకు గుడ్డ చుట్టి కింది పేరు దగ్గర కూలబడేవాడు. ఎంతసేపటికీ లేచేవాడు కాదు. ఆయనకు ఆ పేరు ఉండాలి. అమ్మకు అది కనబడకూడదు. బండి వెనక తలుపు మా గుమ్మానికి ఎదురుగా నిలిచేది. అమ్మ వాకిలి ఊడ్చినా, కడవ ఎత్తినా, తలెత్తితే అదే పేరు. కొన్ని నెలలు ఓర్చుకుంది. ఒక ఆదివారం గడప మీదనుంచే అంది:

“పొద్దుగాల నువ్వు బండి తీసుకపోతుంటే మన పొల్లనే పోతున్నట్టు అనిపిస్తది. రోజూ పోతది. రోజూ నేను సూడాలె. దండం పెడత, తీసెయ్యి.”

నాయిన పొయ్యి మీద నీళ్లు కాచాడు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ అక్షరాల మీద అదిమిపట్టి, గోటితో అంచు లేపి, మెల్లగా లాగాడు. ఎండకు ఎండిన రేడియం తుంపులు తుంపులుగా వచ్చింది. ఒక బిడ్డ పేరు ఉంచి ఒక బిడ్డది తీస్తే ఎట్లా అని నాది కూడా తీశాడు. తీరా చూస్తే పేర్లు పోలేదు. ఎండకు బండి రంగు అంతా వెలిసింది గానీ అక్షరాల కింది రంగు మాత్రం కొన్ననాటి ముదురు నీలంలోనే ఉండిపోయింది. సునీత, లావణ్య, దీర్ఘాలతో, ఒత్తుతో సహా. అద్దం మీద వేసి ఉంటే జాడ కూడా మిగిలేది కాదు.

అమ్మ చూసింది, లోపలికి వెళ్లిపోయింది. నాయిన రబ్బింగ్ పాలిష్ తెచ్చాడు, అది రంగు పైపొరను గీకి చుట్టూ ఉన్నదానితో కలిపేస్తుంది. పైనుంచి మొదలుపెట్టాడు. నా పేరు మీద చెయ్యి ఆగకుండా రుద్దాడు, కాసేపటికి అది మాసి మాసి కలిసిపోయింది. కింది పేరు దగ్గరికొచ్చాడు. గుడ్డ దానిమీద పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. “నాతోని కాదు బిడ్డా” అని నా వైపు చూసి ఏడ్చాడు. నాయిన ఏడవడం నేను చూసింది అదే మొదలు. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది.

మర్నాటినుంచి బండిని వెనక తలుపు గోడ వైపు ఉండేలా నిలపడం మొదలుపెట్టాడు. అమ్మ గోడ వైపు వెళ్లడం మానేసింది. మునుపటిలాగే ఆదివారాలు మైనం పూసేవాడు గానీ, ఆ అరచేతి మేర మాత్రం వదిలేసేవాడు, రుద్దితే ఎక్కడ అరిగిపోతుందోనని. బండంతా తళతళలాడేది, అక్కడొక్కచోట మబ్బుగా ఉండేది. “ఏంది ఈ మరక?” అని ఆఫీసుల దగ్గర అడిగితే, “రుద్దితే రంగు లేస్తది సార్” అనేవాడు. నేను పెద్దదాన్నయ్యాను, చదువు ముగించాను, మా ఇంటి వెనక గుండ్లన్నీ పోయి పునాదులు లేచాయి. ఇంట్లో ఎవరమూ లావణ్య పేరు పలకలేదు.

నాయినకు చూపు తగ్గాక బండి అమ్మక తప్పలేదు. నిజాంపేటలో హాస్టలు నడుపుతున్న ఒకాయన, కూరగాయలు తెచ్చుకోవడానికి పనికొస్తుందని చూడటానికి వచ్చాడు. చుట్టూ తిరిగి మెచ్చుకున్నాడు, గోడ పక్కకు వెళ్లి వంగాడు.

“లావణ్య అంటే ఎవరండి? మీ అమ్మాయా?”

“ఔ సార్. చిన్నబిడ్డ,” అన్నాడు నాయిన.

“ఏం చదువుతోందండి?”

నాయిన గుడ్డ తీసుకుని అద్దం తుడవసాగాడు. నేను ఏదో అనబోయాను. అంతలో గడప మీదనుంచి అమ్మ గొంతు వినబడింది.

“మొన్ననే ఇంటరైంది సార్. ఇగ డిగ్రీల చేరాలె. సదువుల జర ఎనుకనే గని, పాట మంచిగ పాడుతది.”

నేను మనసులో లెక్కవేసుకున్నాను. నిజమే, ఉంటే ఆ ఏడు ఇంటరయ్యేది. వాకిట్లో ఆ పేరు చూడలేనన్న మా అమ్మ ఇన్నేళ్లూ దాన్ని ఏ తరగతికి ఆ తరగతి చదివించుకుంటూ వచ్చిందని అప్పుడు తెలిసింది. “ఆడపిల్లండి, చదువు మాన్పించకండి” అన్నాడాయన మంచి మనసుతో. “మాన్పియ్యం సార్” అంది అమ్మ.

బండి వెళ్లిపోయింది. కొన్నాయన దానికి కొత్త రంగు వేయించాడనీ, ఆ తర్వాత ఎక్కడో తుక్కుకు పోయిందనీ విన్నాం. మా ఇల్లున్న చోట ఇప్పుడొక భవనానికి గేటు ఉంది, లోపలికి వెళ్లాలంటే గుర్తింపు కార్డు చూపించాలి. గునుగు, తంగేడు కూకట్‌పల్లి బజారులో కట్టలు కట్టి అమ్ముతున్నారు. కార్ల మీద పిల్లల పేర్లు ఎవరూ రాయించుకోవడం లేదు. అమ్మానాయినలు నా దగ్గరే ఉంటారు.

మొన్న మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి భోజనాల దగ్గర అడిగింది, “మీకు తోబుట్టువులున్నారా అక్కా?” అని. ఒక చెల్లె ఉంది అన్నాను. “అవునా, ఏం చేస్తుంటుంది?” అంది ఆసక్తిగా. మా అమ్మకున్న ధైర్యం నాకు రాలేదు. డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేచాను.