కోళ్లగూటికి తాళం

రత్నమాల ఎవరిని చూసినా ముందు మొహం చూడదు, చేతులు చూస్తుంది. పంజాగుట్టలో ఒక పెద్ద చీరల షోరూంలో ఆమె లేడీ సెక్యూరిటీ. షాపు మూసే వేళకు సేల్స్ అమ్మాయిలు వరసగా నిలబడతారు. ఒక్కొక్కరినీ తెర వెనక్కి పిలిచి, నడుము తడిమి, హ్యాండ్‌బ్యాగు వెతికి పంపడం ఆమె పని. రేపల్లె నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో ఆటోవాడితో బేరమాడటానికి కూడా మొహమాటపడ్డ మనిషి. ఈ ఉద్యోగంలో చేరాక మారిపోయింది. రోజూ "అక్కా, టీ తాగారా" అని అడిగే పిల్లే ఒకసారి లంగా మడతల్లో పట్టుచీరతో దొరికింది. అప్పటినుంచి, నవ్వుతూ పలకరించేవాళ్లంటే రత్నమాలకు ఇంకాస్త అనుమానం.

మధురానగర్ వెనక సందులో రెండు హాస్టళ్ల మధ్య ఇరుక్కున్న రేకుల ఇల్లు వాళ్లది. భర్త చక్రపాణికి అమీర్‌పేటలో జిరాక్స్ షాపు. పెరట్లో కాస్త మట్టినేల మిగిలితే అక్కడ నాటుకోళ్లు పెంచుతోంది. పెరటి గోడకు అవతల ఇక్బాల్ బేగం ఇల్లు. బుర్ఖాలు కుడుతుంది, వయసులో పెద్దది. రత్నమాల ఆమెను ఆపా అంటుంది. రెండు పెరళ్ల మధ్య చిన్న తలుపు ఉంది. రత్నమాల డ్యూటీకి వెళ్లాక ఆ తలుపులోంచి వచ్చి కోళ్లకు నీళ్లు పెట్టేది ఇక్బాల్ బేగమే.

దసరా వెళ్లాక గుడ్లు తగ్గాయి. తర్వాత గూట్లో చెయ్యి పెడితే ఒట్టి గడ్డే తగిలింది.

ముందుగా పక్క హాస్టల్ వంటమనిషి హనుమాండ్లుని నిలదీసింది.

"అమ్మా, మాకు ట్రేలకు ట్రేలు గుడ్లొస్తయి. నీ నాలుగు గుడ్లు నేనేం జేస్కుంట?" అన్నాడతను నవ్వుతూ. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. కానీ అతని పక్క గోడ ఎత్తు, ఎక్కలేడు.

అప్పుడే గూటి చుట్టూ ఈకలు కనిపించసాగాయి. పిల్లి వస్తే రక్తం ఉండాలి, ముంగిస అయితే ఒక కోడైనా పోవాలి. ఎవరో పొదిగే చోటునుంచి కోళ్లను లాగి గుడ్లు తీస్తున్నారు, ఆ పెనుగులాటలో ఈకలు రాలుతున్నాయి అని లెక్క కట్టింది. పెరట్లోకి దారి ఉన్న మనిషి ఒక్కరే.

ఆ వారమే ఇక్బాల్ బేగం గిన్నెలో ఖాగినా పంపింది. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి వేయించిన గుడ్లు. రత్నమాల ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "సొన రంగు చూశారా? ఇది ఫారం గుడ్డు కాదు, నాటుగుడ్డే" అంది.

"పసుపు ఎక్కువేసిందేమో. ఎవరో ఒకర్ని అనుమానించకపోతే నీకు అన్నం అరగదు" అన్నాడు చక్రపాణి. ఆమె గిన్నె పక్కకు నెట్టేసింది.

మర్నాడు గూటికి తాళం పడింది. గూటి మీద పెద్ద బల్బు వెలిగింది. దాన్ని తెల్లవార్లూ ఆర్పేది కాదు. నిద్ర మధ్యలో లేచి కిటికీలోంచి చూసేది. అయినా గుడ్లు లేవు. దొంగ దగ్గర మారు తాళంచెవి ఉందేమో అనుకుంది.

వీక్లీ ఆఫ్ రోజున ఇక్బాల్ బేగం చెంబుతో నీళ్లు తెచ్చింది.

"గూటికి తాళమేంది రత్నా? నీళ్లెట్ల పెట్టాలె?"

"ఇకమీదట నేనే పెట్టుకుంటాను, ఆపా."

ఆమె సరేనని వెనక్కి తిరిగింది. దుపట్టా కొంగులో ఏదో మూట ఉబ్బెత్తుగా ఉంది. రత్నమాల తనకు తెలియకుండానే చిన్న తలుపుకు అడ్డంగా వెళ్లి నిలబడింది. చెయ్యి ఆ మూట మీదికి పోయింది.

ఇక్బాల్ బేగం ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత చెంబు కింద పెట్టి, రెండు చేతులూ పక్కలకు చాపింది.

"చూస్కో. నీ డ్యూటీ చేస్కో."

రత్నమాల కదల్లేదు. ఇక్బాల్ బేగమే కొంగు ముడి విప్పింది. నూకలు జలజలా రాలాయి. కోళ్ల కోసం తెచ్చినవే. ఆమె వెళ్లిపోయాక తలుపుకు అటువైపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

అప్పుడైనా అనుమానం పూర్తిగా చావలేదు. ఈ రోజు నూకలు తెచ్చింది సరే, నిన్న ఏం తీసుకుపోయిందో అనుకుంది రత్నమాల. ఒక పెట్ట మెడ బోసిపోయేసరికి, నూకల్లో మందేమైనా కలిపిందేమోనన్న దాకా పోయింది ఆలోచన. ఆ పెట్టను బుట్టలో పెట్టుకుని ఆటోలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ పెట్టను తిరగేసి, తోక కింద ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూసింది.

"ఇది గుడ్డు పెట్టి చాలా రోజులైందమ్మా."

"పెట్టిన గుడ్లు ఎవరో తీస్తున్నారు మేడమ్."

"పెడితే కదా తియ్యడానికి! చలి ముందు పెట్టలు పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి. ఒంట్లో బలమంతా వాటికే పోతుంది. మెడ మీద చూడండి, ముల్లు ముల్లుగా కొత్త ఈకలు వస్తున్నాయి. రాత్రిళ్లు నిద్ర పోతున్నాయా?"

"బల్బు వేసి ఉంచుతున్నాను."

"తెల్లవార్లూనా? అసలే నీరసం, పైగా నిద్ర లేకుండా చేశారా? ముందు అది తీసెయ్యండి."

ఆటోలో బుట్ట ఒళ్లో పెట్టుకుని రత్నమాల దారి పొడుగునా తల ఎత్తలేదు. ఇంటికి వెళ్లగానే బల్బు పీకేసింది, తాళం తీసేసింది. ఇక్బాల్ బేగం ఇంటికి వెళ్లడానికి మాత్రం కాళ్లు రాలేదు. రెండు మూడు రోజులు తటపటాయించి, చివరికి ముందు గేటు లోంచి వెళ్లింది. ఆమె మిషను కుడుతోంది.

"ఆపా, కోళ్లు ఈకలు రాల్చాయట. గుడ్లు ఎవరూ తియ్యలేదు."

"నేను తియ్యలేదని నాకు ముందే తెలుసు."

"నేను మిమ్మల్నే అనుకున్నాను. తప్పయిపోయింది."

ఇక్బాల్ బేగం దారం కొరికి, గుడ్డ పక్కన పెట్టింది. "షాపుల గంతమంది ఆడపిల్లల్ని తడిమి చూస్తవ్. వాళ్లకెట్లనిపిస్తదో నాకు గా రోజు తెలిసింది" అంది. కోపం లేదు ఆ గొంతులో. కూర్చోమని మాత్రం అనలేదు.

సంవత్సరం మారాక పెట్టలు మళ్లీ గుడ్లు పెట్టాయి. రత్నమాల మొదటిసారి పంపిన గుడ్లు తిరిగొచ్చాయి. రెండోసారి పంపినవి రాలేదు. మాటలు మాత్రం బాగున్నావా, బాగున్నానులోనే ఆగిపోయాయి.

ఎండలు ముదిరే ముందు ఇక్బాల్ బేగం కంటికి ఆపరేషన్ అయింది. కొడుకు జుల్ఫికర్ ఉద్యోగానికి పోతే కంట్లో చుక్కలు వేసేవాళ్లు లేరు. ఒక పొద్దున గోడ అవతలినుంచి "రత్నా" అన్న పిలుపు వినిపించింది. రత్నమాల స్టవ్ కట్టేసి పరుగెత్తింది. తొందరలో మొదటి చుక్క చెంప మీద పడింది.

"జర సక్కగ చూసి వెయ్యి!" అని కసిరింది ఇక్బాల్ బేగం.

ఆ కసురు వింటే రత్నమాలకు ప్రాణం లేచొచ్చింది.