పన్నెండో పెన్‌డ్రైవ్

పోయిన వారం ఆఫీసులో నా ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే, బెంగళూరు నుంచి ఎవరో ఒకాయన ముఖమైనా చూపించకుండా, అక్కడి నుంచే నా తెరమీది బాణం గుర్తును అటూ ఇటూ నడిపి, నాలుగు నిమిషాల్లో బాగుచేసి, సేవ ఎలా ఉందో అయిదు చుక్కల్లో చెప్పమని అడిగి వెళ్లిపోయాడు. కాఫీ తాగుతారా అని అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు. చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్న నాకు ధర్మవరంలో మా మామ ల్యాప్‌టాప్ గుర్తుకొచ్చింది. ముప్పై ఆరేళ్లకే జ్ఞాపకాలేమిటని మా ఆవిడ అంటుంది గాని, పెన్‌డ్రైవ్‌ను తాళంచెవుల గుత్తికి తగిలించుకుని తిరిగిన మా తరానికి ఆ అర్హత ఎప్పుడో వచ్చేసిందని నా అభిప్రాయం.

డిగ్రీ అయిపోయి, అనంతపురంలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం లేకుండా తిరుగుతున్న రోజులవి. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు నా మీద నమ్మకం లేదు గాని, బంధువులకు మాత్రం అపారంగా ఉండేది. మామ అంటే మా అమ్మకు పెద్దన్న, పట్టుచీరలకు అంచులూ కొంగులూ గీసే మనిషి. మొదట్లో గడుల కాగితం మీద రంగు పెన్సిళ్లతో, ఒక్కో గడికి ఒక్కో పోగు లెక్కన గీసేవాడు. మగ్గాల మీదికి కరెంటు పెట్టెలు వచ్చాక, యాభై దాటిన వయసులో ల్యాప్‌టాప్ నేర్చుకున్నాడు. ఆయన గీసిన డిజైను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుపోయి మగ్గం పైనున్న పెట్టెకు తగిలిస్తే, ఆ ప్రకారం నేత సాగుతుంది.

ఆ ల్యాప్‌టాప్‌కు జబ్బు చేసింది. ఒకసారి నొక్కి, కాఫీ కలుపుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర అక్కడే ఉండేది. ఒకరోజు అయిదేళ్ల డిజైన్లున్న ఫోల్డర్లన్నీ మాయమై, వాటి చోట అవే పేర్లతో ఏవో ఉత్తుత్తి గుర్తులు కనబడ్డాయి. నొక్కితే ఒక్కటీ తెరుచుకోదు. నన్ను పిలిపించారు. అత్త మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఘాటుకు మేమందరం దగ్గాం, ల్యాప్‌టాప్ ఒక్కటే దగ్గలేదు. నవ్వే సమయం కాదని అప్పటికే నాకు తెలుసు. శనివారానికి పెళ్లి చీరల కొంగు ఇస్తానని మామ షావుకారికి మాట ఇచ్చి ఉన్నాడు. ఆ కొంగు కోసం ఆరిళ్లలో పడుగు ఎక్కించిన మగ్గాలు ఊరికే నిలబడి ఉన్నాయి. మామ ఇవ్వలేకపోతే పని ఇంకొకరి చేతికి పోతుంది, ఒకసారి పోయింది తిరిగి రాదు. ఆ రోజు సోమవారం.

ముందు ఇంటర్నెట్ వైరు పీకేశాను. ఏ పనీ చేయకుండా కూర్చున్న ల్యాప్‌టాప్ లోపల ప్రాసెసర్ నూటికి నూరు పాళ్లూ ఎందుకు ఆయాసపడుతోందో చూస్తే, నోరు తిరగని పేరుతో ఏదో ప్రోగ్రాము దొంగతనంగా నడుస్తోంది. దాన్ని పట్టుకోవాల్సిన యాంటీవైరస్‌లు ఒకటి కాదు, మూడున్నాయి. అవి దొంగను వదిలేసి ఒకదాన్నొకటి పట్టుకుని కొట్టుకుంటున్నాయి. రెండు తీసేస్తానన్నాను. మామ ముఖం మాడ్చుకున్నాడు.

"అది పెద్దల్లుడు వేసినాడప్పా. ఇంకోటి చిన్నల్లుడు వేసినాడు. యాది తీసినా రెండోవాళ్ల ముందర తలెత్తుకోలేం."

"మూడోది ఎవరు వేసినారు మామా?"

"వాళ్లిద్దరికీ గొడవ లేకుండా నేనే వేసినా."

మామ వేసినదాన్ని ఉంచి, అల్లుళ్లిద్దరినీ సమానంగా అవమానించాను. సేఫ్ మోడ్‌లో పెట్టి పొద్దంతా వెతికించి, మంగళవారానికి ఆ దొంగ ప్రోగ్రామును పీకేశాను. డిజైన్లు చెరిగిపోలేదు, ఆ వైరస్ వాటిని కనబడకుండా దాచిందంతే. ఒక్క వరుస ఆజ్ఞ రాయగానే అన్నీ బయటికొచ్చాయి. మామ కళ్లు తుడుచుకున్నాడు. మిరప ఘాటు ఇంకా పోలేదా అని అడిగాను.

బుధవారం పొద్దున కథ మళ్లీ మొదటికి వచ్చింది. అప్పుడు నాకు పంతం పట్టుకుంది. లోపలిది చంపితే బయటి నుంచి వస్తోందంటే దారి ఒక్కటే, పెన్‌డ్రైవ్‌లు. మామ వాళ్ల వీధిలో తోడు మజ్జిగకు గిన్నె తెచ్చినట్టు పెన్‌డ్రైవ్ తెచ్చేవాళ్లు. ఒకరిది ఇంకొకరు తీసుకుపోయేవాళ్లు, వాళ్లది ఇంకెవరి మగ్గానికో తగిలేది. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, పసుపు కుంకుమలు పెట్టినవాటితో సహా పదకొండు పోగుచేసి, టిఫిన్ క్యారియర్‌లో వేసుకొచ్చి, ఒక్కొక్కటే శుభ్రం చేసి, గురువారం మధ్యాహ్నానికి తిరిగి ఇచ్చేశాను. ఆ సాయంత్రమే కొంగు మీద కూర్చున్న మామ సగం గీశాక తెర మళ్లీ బిగుసుకుపోయింది.

శుక్రవారం యాంటీవైరస్ రాసుకున్న చిట్టా తెరిచాను. ఆపడం దానికి చేతకాకపోయినా, ఏ వైరస్ ఎప్పుడు, ఏ పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. పదకొండింటిలో లేని పన్నెండోది ఒకటి, అత్త పట్టుదారం కండెలకు చుట్టడానికి పక్కింటికి పోయే మూడు గంటల వేళకే, రెండు మూడు రోజులకొకసారి తగులుతోంది. ఆ పెన్‌డ్రైవ్‌కు మా చిన్నమామ కూతురి పేరు పెట్టి ఉంది.

చిన్నమామ మామకు తమ్ముడు, వెనక గోడకు అవతలే ఇల్లు. తాత గీసిన గడుల కాగితాల పెట్టె ఎవరికి చెందాలని అన్నదమ్ములు పోట్లాడుకుని నాలుగేళ్లుగా మాటల్లేవు. పెట్టెలో సగం చెదలు తినేశాయని ఇద్దరికీ తెలుసు. ఆ పేరు చూపించి మామ వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తూ చిన్నగా చెప్పాడు. తమ్ముడు పెన్‌డ్రైవ్‌ను గోడ మీద పెట్టిపోతాడట, ఈయన డిజైను ఎక్కించి మళ్లీ గోడ మీదే పెడతాడట. నాలుగేళ్లలో ఒక్క మాట అనుకోలేదట.

ఇక దాన్ని తగిలించకండి, సరిపోతుందన్నాను.

"మల్ల వాని మగ్గానికి ఎవరిస్తారప్పా?"

శుభ్రం చేసి ఇచ్చినా లాభం లేదు. చిన్నమామ కూతురు దాన్ని ఇంటర్నెట్ సెంటర్లలో ప్రింట్లకు వాడుతుంది, మళ్లీ అంటించుకొస్తుంది. అందుకని మనిషికి చెప్పాలి. మామ ఒక చీటీ రాశాడు, చించాడు, ఇంకోటి రాశాడు, చించాడు. తర్వాత చొక్కా వేసుకుని, గోడ దూకితే రెండడుగుల్లో పోయేదానికి వీధి చుట్టూ తిరిగి ముందు వాకిట్లోంచి వెళ్లాడు. వెనక నేను.

"రేయ్, నీ పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉండాది. ఈయప్ప బాగు చేస్తాడంట, ఇయ్యి."

చిన్నమామ మగ్గం ఆపాడు. అన్న వైపు చూడలేదు.

"యాడ పెట్టినానో ఎతకాలన్నా. జాగవుతాది. కూర్చో."

పెన్‌డ్రైవ్ ఆయన తల పక్కనే మేకుకు వేలాడుతోంది. చూపిద్దామని నోరు తెరిచినవాణ్ని, నా జీవితంలో మొదటిసారిగా, మూసేశాను. ఆయన గంటసేపు వెతికాడు. ఆ గంటలో రెండుసార్లు కాఫీ వచ్చింది. తాత పెట్టె ప్రస్తావన మాత్రం రాలేదు.

ఆ రాత్రి నేను ల్యాప్‌టాప్‌ను మళ్లీ శుభ్రం చేశాక, మామ తెల్లవార్లూ కూర్చుని మిగతా సగం గీశాడు. శనివారం పొద్దున్నే కొంగు షావుకారికి చేరింది. మధ్యాహ్నానికి ఆరిళ్ల మగ్గాలూ ఆడుతున్నాయి. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ గోడ మీదికి రాలేదు. చిన్నమామే దాన్ని పట్టుకుని వీధి చుట్టూ తిరిగి వచ్చేవాడు, డిజైను ఎక్కేదాకా కూర్చునేవాడు. ల్యాప్‌టాప్ నెమ్మదిదే కాబట్టి చాలాసేపు కూర్చునేవాడు.

మొన్న ధర్మవరం పోతే మామ దగ్గర కొత్త ల్యాప్‌టాప్ ఉంది, నొక్కకముందే తెరుచుకుంటుంది. గోడ అవతలి నుంచి చిన్నమామ డిజైను కావాలని ఫోనులో మెసేజ్ పెట్టాడు, మామ కుర్చీలోంచి లేవకుండా పంపాడు, చూసినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి. ఇద్దరి మధ్యా ఇప్పుడు ఏ కోపమూ లేదు, కాబట్టి ఒకరింటికి ఒకరు పోవడానికి కారణం కూడా లేదు. ఆ కొత్త ల్యాప్‌టాప్‌కు ఇంతవరకూ ఏ జబ్బూ చేయలేదట.